రొయ్యల ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో మైక్రోసాఫ్ట్ సెంటినెల్, ఎనిమిది నెలలు వాడాక

నేను సెక్యూరిటీ కోర్సులు చేసినవాడిని కాదండీ, భీమవరం దగ్గర రొయ్యల ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో కంప్యూటర్లు, మెయిళ్ళు, ప్రింటర్లు గట్రా చూసుకుంటా. మొత్తం 22 మెయిల్ అకౌంట్లు, అన్నీ మైక్రోసాఫ్ట్ 365 మీదే. సెంటినెల్ అంటే లాగిన్ల రికార్డులన్నీ ఒకచోట పోగేసి, అనుమానంగా ఏదైనా కనపడితే అలర్ట్ ఇచ్చే మైక్రోసాఫ్ట్ సర్వీసు. మనలాంటి చిన్న ఆఫీసుకి అది అవసరమా అని అడిగేవాళ్ళకి చెప్దామని రాస్తున్నా.

పోయినేడు మా విదేశీ బయ్యర్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది, బ్యాంక్ అకౌంట్ మార్చామని మెయిల్ పెట్టారు కదా, డబ్బులు కొత్తదానికే వేసేయమంటారా అని. మేం ఏ అకౌంటూ మార్చలేదు. మా అకౌంట్స్ మేడమ్ మెయిల్ సెట్టింగ్స్ తెరిస్తే అందులో ఎవడో ఒక రూల్ పెట్టేసున్నాడు, ఇన్వాయిస్ అనీ పేమెంట్ అనీ ఉన్న మెయిల్ ఏదొచ్చినా ఇన్‌బాక్స్‌లో కనపడకుండా ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ అనే ఫోల్డర్‌లోకి పోతోంది. అలాంటి ఫోల్డర్ ఒకటుందని కూడా ఆవిడకి తెలీదు, పాపం రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఒక కంటైనర్ సరుకు డబ్బండీ అది, చెరువు రైతులకి ఇవ్వాల్సిందీ అందులోంచే. ఆ ఒక్క ఫోన్ వల్ల ఆగింది. వాడు ఎప్పుడు దూరాడో చూద్దామని సైన్ ఇన్ లాగ్ (ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారనే రికార్డు) తీస్తే 7 రోజులదే ఉంది, అప్పుడు మా దగ్గరున్న లైసెన్స్‌కి అంతే వస్తుంది, నేనేమో దాన్ని అంతకుముందు ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

తర్వాత మైక్రోసాఫ్ట్ 365లోనే బిజినెస్ ప్రీమియం అనే ప్లాన్‌కి మారాం, అందులో ఎంట్రా ఐడీ పీ1 (లాగిన్లు చూసుకునే మైక్రోసాఫ్ట్ సర్వీసుకి లైసెన్స్) కలిసే వస్తుంది, దాంతో సైన్ ఇన్ లాగ్స్ 30 రోజులుంటాయి. సెంటినెల్‌కి ఆ లాగ్స్ పంపాలన్నా పీ1 ఉండాల్సిందే, ముందు అది చూసుకోండి. సెంటినెల్‌లోకి వెళ్ళాక 90 రోజుల వరకూ దాచినందుకు విడిగా డబ్బులుండవు.

ఇక పని ఎలా చేస్తుందంటే, ఎవరు ఏ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) నుంచి ఏ యాప్‌తో లాగిన్ అయ్యారో మొత్తం ఒక టేబుల్‌లో పడుతుంది, దాన్ని కేక్యూఎల్ అనే భాషలో అడగాలి. నాకు వారం పట్టింది వంటబట్టడానికి. ముఖ్యంగా చూడాల్సింది రిజల్ట్ కోడ్, అంటే ఆ లాగిన్ ఏమైందో చెప్పే నంబర్. 0 అంటే లోపలికెళ్ళారు, 50126 అంటే పాస్‌వర్డ్ తప్పు. ఒక మనిషికి నాలుగుసార్లు 50126 వస్తే మర్చిపోయుంటారులే అనుకోవచ్చు, అదే ఒకే ఐపీ నుంచి పదిహేను మందికి ఒక్కొక్కసారి వచ్చిందంటే ఎవడో ఒకే పాస్‌వర్డ్ పట్టుకుని అందరి తలుపులూ తడుతున్నాడన్నమాట. మెయిల్లో కొత్త రూల్ ఎవరు పెట్టినా నాకు చెప్పమని ఇంకో అలర్ట్ పెట్టా, అన్నిటికంటే నాకు ప్రాణం అదే. సెంటినెల్‌లో ఇలా అలర్ట్ రూల్ తయారుచేసేటప్పుడు డిఫాల్ట్‌గా 5 గంటలకోసారి రన్ అవుతుందని ఉంటుంది, తగ్గించుకోండి, 5 గంటల్లో డబ్బు ఎక్కడికో వెళ్ళిపోతుంది. టైమ్ యూటీసీలో (గ్రీన్‌విచ్ టైమ్) ఉంటుంది కాబట్టి మన టైమ్‌కి ఐదున్నర గంటలు కలుపుకోవాలి.

రెడీమేడ్ అలర్ట్ రూల్స్ చాలా ఉన్నాయి కానీ వాటికి మన ఊరి సంగతి తెలీదు కదా. అర్ధరాత్రి లాగిన్ అంటే అనుమానం అంటుంది, మా కొనుగోలు కుర్రాళ్ళకేమో పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) ఉన్న రోజు తెల్లవారుజామున మూడింటికి ఆకివీడు వైపు చెరువు గట్టు మీద నుంచే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతొచ్చిందో మెయిల్ పెట్టడం మామూలే. ఫోన్ నెట్‌తో లాగిన్ అయితే లొకేషన్ ఒక్కోసారి చెన్నై అనో హైదరాబాద్ అనో పడుతుంది. అందుకే వాచ్‌లిస్ట్ అని ఉంటుంది, అందులో ఎవరు గట్టు మీద తిరుగుతారు, ఎవరు ఆఫీసు దాటరు అని రాసిపెట్టా, ఆ తర్వాతే అలర్ట్‌లు నమ్మేలా అయ్యాయి.

ఖర్చు జీబీల లెక్క. ఆఫీస్ 365 ఆడిట్ లాగ్స్, అజూర్ యాక్టివిటీ లాగ్స్ లోపలికి తేవడం ఫ్రీ, సైన్ ఇన్ లాగ్స్‌కి కట్టాలి, మా 22 మందివి నెలకి 1 జీబీ కూడా దాటట్లేదు. మొదటి 31 రోజులు ట్రయల్ ఉంది. కనపడిన ప్రతి కనెక్టరూ (ఒక్కోచోటి లాగ్స్‌ని సెంటినెల్‌కి తెచ్చేది) ఆన్ చేసేయకండి, ఫైర్‌వాల్ లాగ్స్ లాంటివి చాలా పెద్దవి.

కనుమ రోజు సాయంత్రం నరసాపురంలో అత్తారింట్లో ఉండగా అలర్ట్ వచ్చింది. ఆఫీసుకి మూడ్రోజులు సెలవు, ఒకే ఐపీ నుంచి 19 అకౌంట్లకి 50126, ఇరవయ్యోదానికి మాత్రం 50074. అంటే పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాడు, ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో అడిగే రెండో తనిఖీ) దగ్గర ఆగిపోయాడు. వెంటనే ఆ పాస్‌వర్డ్ మార్చేసి, సెషన్లన్నీ (అప్పటికే తెరిచున్న లాగిన్లు) రివోక్ చేసి, అంటే రద్దు చేసి, ఎంఎఫ్ఏలో వేరే ఫోన్ నంబర్ ఏదైనా చేరిందేమో చూసి, అప్పుడు భోజనానికి కూర్చున్నా. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి ఊరుకోకండి, ముందే దూరినవాడుంటే వాడి పాత సెషన్ బతికే ఉండొచ్చు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే రాత్రి లాగిన్ల లిస్టు అకౌంట్స్ మేడమ్‌కే వెళ్తుంది, తనే అడిగి పెట్టించుకున్నారు. టీ తాగేలోపే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "ఏవండీ, రాత్రి ఒంటిగంటకి లాగిన్ అయ్యింది మీరేనా" అని అడిగాకే ఆవిడ మిగతా పని మొదలుపెడతారు.