శాండర్సన్ దగ్గర జింకల లీజు: కొన్ని సీజన్ల తర్వాత నా మాట

మా లీజు, అంటే వేట కోసం రాంచ్ యజమానికి డబ్బు కట్టి తీసుకున్న నేల, ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు జింకల గురించి చెప్పను. క్యాంపు వెనకున్న వాకిన్ కూలర్ గురించి, అంటే వేటాడిన మాంసాన్ని వేలాడదీసి చల్లగా ఉంచే గది గురించి చెబుతాను. చిన్న గది, చుట్టూ మందపాటి ఫోమ్ పలకలు, పైన అడ్డంగా ఇనప పైపు, దానికి కొక్కేలు, గోడలో ఒక కిటికీ ఏసీ. అంతే. పశ్చిమ టెక్సస్‌లో నేను చూసిన క్యాంపుల్లో ఇంతగా అక్కరకొచ్చింది ఇంకొకటి లేదు. ఎకరాలెన్ని, మనిషికి ఎంత, ఎంతమందికి చోటు అన్నవి ఎవరి బేరం వాళ్ళది. వాటి జోలికి పోను.

ఆ గది ఎందుకంత ముఖ్యమో ఆ ప్రాంతం తెలిస్తే అర్థమవుతుంది. టెరెల్ కౌంటీ అంతా కలిపి 2020 జనాభా లెక్కల్లో 760 మంది. శాండర్సన్ ఒక్కటే చెప్పుకోదగ్గ ఊరు. అక్కడ ఐస్ అయిపోతే ఉత్తరాన ఫోర్ట్ స్టాక్టన్‌కు 65 మైళ్ళు, తూర్పున డెల్ రియోకు సుమారు 120. మేమేమో డల్లస్ వైపు నుంచి ఏడు గంటలు నడుపుకుంటూ వస్తాం. మేం వేటాడే జింక జాతి మ్యూల్ డీర్. దాని సీజన్ నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ రోజుల్లో మొదలై 17 రోజుల్లో ముగిసిపోతుంది. ఆ రోజుల్లో పొద్దున వేళ్ళు కొంకర్లు పోయే చలి, మధ్యాహ్నం 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఎండ. మాంసమేమో 40 డిగ్రీల లోపుకు చేరాలి, అదీ వీలైనంత త్వరగా.

పైగా ఇది బ్లైండ్‌లో, అంటే జింకకు కనబడకుండా దాక్కునే గూడులో కూర్చుని, మొక్కజొన్న ఫీడర్ దగ్గరికి జింక వచ్చేదాకా ఎదురుచూసే చోటు కాదు. తెల్లారకముందే సున్నపురాతి గట్టు అంచుకు చేరాలి. ట్రైపాడ్ మీద బైనాక్యులర్స్ బిగించి, ఎదుటి వాలును గజం గజం వెతకాలి. జింక మొత్తంగా ఎప్పుడూ కనబడదు. సోటోల్ పొద వెనక ఒక చెవి కదులుతుంది, లేకపోతే తెల్లటి పిర్రల మచ్చ మీద ఎండ పడుతుంది. అక్కణ్ణుంచి లోయలోకి దిగి, మళ్ళీ ఎక్కి, దగ్గరికి చేరాలి. దారి పొడవునా లెచుగీయా అనే ముళ్ళ ఎడారి మొక్క. దాని ఆకుల మొనలు బూటు తోలు దాటుకుని పిక్కలో దిగుతాయి, ట్రక్కు టైర్లనూ వదలవు. పొద్దున పది గంటలకు పడిన జింక ట్రక్కు దగ్గరికి చేరేసరికి మూడవుతుంది. అప్పటికి ఎండ దాని పని అది చేసుకుపోతుంటుంది. క్యాంపుకు రాగానే తోలు ఒలిచి, కొక్కేనికి తగిలించి, తలుపు మూసి, రిజిస్టర్‌లో పేరు, లైసెన్స్ నంబరు, తేదీ రాసి, స్నానానికి వెళ్ళిపోగలగడం ఎంత సుఖమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. తొలి సీజన్లలో ఈ గదిని నేను ఎంత పొగిడానంటే, నా మాట విని ఇద్దరు మిత్రులు పక్క లీజులను వదిలేసి ఇటు వచ్చారు.

మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడి లెక్క మొదట్లో మింగుడుపడదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని వేటాడటం నేరం. టెక్సస్‌లో అదే కృష్ణజింకను 1930లలో తెచ్చి వదిలారు. ఇప్పుడు దాన్ని ప్రైవేటు రాంచ్‌లలో ఏడాది పొడవునా వేటాడుతారు, సీజన్ అంటూ ఏమీ లేదు. నాకు దాని మీదికి మనసు పోదు. మ్యూల్ డీర్ ఈ నేలకే పుట్టింది, దానికి సీజన్ ఉంది, చంపిన జింకకు కట్టాల్సిన లైసెన్స్ ట్యాగు ఉంది, మనిషికి ఇన్నేనన్న లెక్క ఉంది. తినేంతవరకే వేటాడుతున్నామన్న తృప్తి నాకు దీనిలోనే ఉంది. అందుకే మాంసం పాడవడం అంటే నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. ఒక జీవాన్ని చంపి, దాన్ని ఈగలపాలు చేసే హక్కు మనకు లేదు.

ఇక ఆ రాత్రి సంగతి.

మా బావమరిదికి అదే మొదటి మ్యూల్ డీర్. కడుపు తీశాక కూడా 140 పౌండ్ల పైన తూగిన మగది. సాయంత్రం ఒలిచి, మొత్తంగానే కూలర్‌లో వేలాడదీశాం. థర్మామీటర్ అప్పటికి 39 చూపిస్తోంది. తినేసి పడుకున్నాం. రాత్రి రెండింటికి వాడు బయటికి వెళ్ళొచ్చి నన్ను తట్టి లేపాడు.

"బావా, ఏసీ చప్పుడు రావట్లేదు."

తలుపు తీస్తే వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. 54 డిగ్రీలు. లైటు వెలుగుతోంది, అంటే కరెంటుంది. ఏసీ ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ మాత్రం తిరగట్లేదు. అంత పెద్ద జంతువు ఒంట్లోని వేడంతా ఫోమ్ గోడల మధ్య బందీ అయి, చల్లబరచాల్సిన గదే పొదగడం మొదలుపెట్టింది.

మాంసం పైపైన చల్లగా ఉంది. కానీ చెడిపోవడం పైన మొదలవదు. వెనక తొడ లోపల, తుంటి కీలు దగ్గర మొదలవుతుంది. అక్కడ కండ దట్టంగా ఉంటుంది, ఎముక వేడిని పట్టుకుని కూర్చుంటుంది. కత్తితో తొడను తుంటి దగ్గర విడదీసి, కీలు పక్కన బొటనవేలు పెట్టి చూశాను. అంతసేపు వేలాడాక కూడా అక్కడ ఇంకా వెచ్చగా తగిలింది. వాసన చూశాను. మంచి వాసనే, ఇనుము వాసన, పులుపు లేదు. ఇంకో నాలుగైదు గంటలు అలాగే ఉండుంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

అప్పుడు ఆదుకుంది ఆ ఎడారే. బయట 36 డిగ్రీలు, సన్నగా గాలి, చెమ్మ అసలు లేదు. జంతువును నాలుగు కాళ్ళు, రెండు వెన్ను కండలుగా విడదీసి, పలచటి కాటన్ సంచుల్లో వేసి, షెడ్డు కింద దూలానికి ఒకదానికొకటి తగలకుండా ఎత్తుగా కట్టాం. ట్యాగు కట్టిన తల పక్కనే. నక్కలు, రింగ్‌టెయిల్ పిల్లులు రాకుండా వంతులవారీగా కూర్చున్నాం. తెల్లారేసరికి తొడలో గుచ్చిన థర్మామీటర్ 40కి వచ్చింది. మాంసం పైన కాగితంలాంటి పొడి పొర కట్టింది. ఆ పొరే లోపలి మాంసానికి కాపలా. ఎండ పడకముందే అన్నిటినీ ఐస్ పెట్టెల్లోకి మార్చాం. ఇంటి నుంచి పాల డబ్బాల్లో నీళ్ళు గడ్డకట్టించి తేవడం మాకు అలవాటు, అవి ఆ రోజు బంగారమయ్యాయి.

పొద్దున ఏసీ వెనక మూత తీసి చూస్తే కారణం కనబడింది. సన్నటి అల్యూమినియం రేకుల మధ్య తెల్లటి సున్నపు దుమ్ము దుప్పటిలా పేరుకుపోయింది. గాలి పోవడానికి దారి లేదు, కంప్రెసర్ వేడెక్కి ఆగిపోయింది. మామూలు కిటికీ ఏసీ 60 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. దానికి తగిలించిన కంట్రోలర్ సెన్సర్‌ను కాస్త వేడిచేసి, గది ఇంకా వేడిగానే ఉందని నమ్మించి, 38 దాకా పరిగెత్తిస్తుంది. అలా అదనంగా పనిచేసే యంత్రానికి శుభ్రత కూడా అదనంగా కావాలి కదా. ఇక్కడ ఏసీ వీపు సరిగ్గా ట్రక్కులు వచ్చే మట్టిరోడ్డు వైపే ఉంది. వచ్చిపోయే ప్రతి బండీ దాని మీద దుమ్ము పోస్తోంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో లోపలి వైపు నుంచి బయటికి ఊదాం, పెయింటు బ్రష్‌తో రేకులు దులిపాం. పది నిమిషాల పని. మధ్యాహ్నానికి గది మళ్ళీ 38.

నా కోపం యంత్రం మీద కాదు. కూలర్ బాగోగులు రాంచ్ యజమానివే అని లీజు కాగితంలో ఉంది. దాని పేరు చెప్పి మనిషికింత అని ఎక్కువ కూడా తీసుకుంటారు. ఊరికొచ్చి సిగ్నల్ దొరికాక ఫోన్ చేస్తే వచ్చిన జవాబు, "వాడుకునేవాళ్ళు చూసుకోవాలి" అని. సీజన్‌కు ముందు ఒకసారి మూత తీసి ఊదించి ఉంటే సరిపోయేది. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

అందుకని పాత పొగడ్తలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కూలర్ ఉంది కదా అని ఐస్ లేకుండా వెళ్ళకండి. రాత్రి చలి ఉన్నన్ని గంటలూ మాంసాన్ని బయట గాలికే వదిలి, ఎండెక్కాక లోపల పెట్టడం నాకిప్పుడు మేలనిపిస్తోంది. మొత్తం జంతువును ఒకేసారి వేలాడదీయకుండా, తొడలు విడదీసి పెడితే ఆ చిన్న ఏసీ మీద భారం సగం తగ్గుతుంది. అలారం ఉన్న థర్మామీటర్ ఒకటి తలకింద పెట్టుకుని పడుకుంటున్నాను.

ఆ రాత్రి గాలికి ఆరిన మాంసం రుచి మాత్రం వేరే. ఎప్పుడూ కూలర్‌లో పెట్టిన దానికి కొంచెం తడి, కొంచెం మెత్తదనం ఉంటుంది. ఇది గట్టిగా, ముదురు ఎరుపులో, కత్తికి శుభ్రంగా తెగింది. జింక కొవ్వు నాలుకకు మైనంలా అంటుకుంటుంది కాబట్టి ఒక్క పిసరు కూడా లేకుండా తీసేయాలి. వెన్ను కండను మిరియాల వేపుడు చేశాం, తొడను పచ్చి బొప్పాయి ముద్దలో నానబెట్టి గోంగూరతో వండాం. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు మొదట ముక్కు చిట్లించి, తర్వాత రెండోసారి వడ్డించుకున్నారు.

ఈ లీజు తీసుకోవచ్చా అంటే, మీరెవరన్నదాన్ని బట్టి ఉంటుంది. కొమ్ముల కోసం వెళ్ళేవాళ్ళయితే నా సమీక్ష మీకు పనికిరాదు, కూలర్ మీకు పెద్ద లెక్క కాదు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు వద్దనే అంటాను. ఆ రాత్రి ఇద్దరం ఉండబట్టే అయింది. చిన్నపిల్లలతో వెళ్ళే చోటు కాదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టుకునే ముందు లాయరును అడగండి. ఫెడరల్ చట్టంలో నిషేధం ఉంది, వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకు మినహాయింపూ ఉంది, ఆ రెంటినీ సరిగ్గా తెలుసుకోకుండా అడుగేయకూడదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. ఇక మాలాగా ఇంట్లో అందరూ మాంసం తినేవాళ్ళు, ఫ్రీజర్ నింపుకుని ఏడాది పొడవునా వండుకునేవాళ్ళయితే, ఆ కౌంటీలో ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకింకా కనబడలేదు.

వచ్చే సీజన్‌కు మేమిద్దరం డబ్బు కట్టేశాం. కట్టేముందు మాత్రం నవంబరు 15 లోపు ఏసీ సర్వీసు చేయించాలనీ, దాని వీపును రోడ్డు వైపు నుంచి తిప్పించాలనీ లీజు కాగితంలో రాయించాను. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి చూద్దామన్నారు.