పద్నాలుగు నెలలు వాడిన ఓఈఈ మానిటరింగ్ సిస్టం: కొలత బాగుంది, రిపోర్టును మాత్రం కనిపెట్టి ఉండాలి

మా ప్లాంటులో ద్రవ పదార్థాన్ని సీసాల్లో నింపే లైనొకటి ఉంది. ఫిల్లింగ్, క్యాపింగ్, లేబులింగ్, కేస్ ప్యాకింగ్ యంత్రాలు ఒకే కన్వేయర్ వెంట వరుసగా ఉంటాయి. ఒకటి ఆగితే కాసేపటికి మిగిలినవీ ఆగుతాయి. ఈ లైను ఎంత సమర్థంగా నడుస్తోందో కొలిచి రిపోర్టు ఇవ్వడానికి పద్నాలుగు నెలల కిందట ఒక ఓఈఈ మానిటరింగ్ సిస్టం పెట్టించాం. ఓఈఈ (ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్) అంటే యంత్రాల మొత్తం సమర్థతను ఒకే శాతంలో చెప్పే కొలమానం. మెయింటెనెన్స్ విభాగం తరఫున ప్రతి ఉదయం ఆ రిపోర్టు తీసి ప్రొడక్షన్ మీటింగులో చూపించే బాధ్యత నాదే కాబట్టి, దీని మంచిచెడ్డలు రెండూ దగ్గర నుంచి చూశాను. తయారీదారు పేరు రాయడం లేదు. ఇక్కడ నేను లేవనెత్తే ప్రశ్నలు ఇలాంటి సిస్టం అమ్మే ఎవరినైనా కొనేముందు అడగవలసినవే.

ఇది రాకముందు మాకు ఆధారం షిఫ్ట్ లాగ్‌బుక్. యంత్రం ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది అన్నది ఆపరేటర్లు షిఫ్ట్ చివర్లో గుర్తున్నంతవరకు రాసేవారు. ఆ పుస్తకం తిరగేస్తే ఆగిన సమయాలన్నీ 10, 15, 30 నిమిషాలే. 7 నిమిషాలని గానీ 23 నిమిషాలని గానీ ఎక్కడా కనబడదు. ఇందులో ఆపరేటర్ల తప్పేమీ లేదు. లైను ఆగినప్పుడు దాన్ని మళ్లీ నడిపించడమే వారి మొదటి పని, గడియారం చూసి రాసుకోవడం ఆ తర్వాతి మాట. అందుకే కొలిచే పని మనిషి మీద పడకుండా యంత్రం నుంచే రావాలని పట్టుబట్టాం.

ఫిల్లింగ్, క్యాపింగ్ యంత్రాల పీఎల్‌సీల నుంచి, అంటే వాటిని నడిపించే కంట్రోలర్ల నుంచి, నడక, ఆగడం, అలారం సంకేతాలు నేరుగా తీసుకోవడానికి రెండు రోజులు చాలింది. లేబులింగ్ యంత్రం పాతది. దాన్ని నెట్‌వర్క్‌కు కలిపే వీలు లేక, బయటికి వచ్చే చోట కన్వేయర్ పక్కన ఫోటో సెన్సర్ బిగించి సీసాలు లెక్కపెట్టించారు. మొదటి వారంలోనే రిపోర్టులో పెర్ఫార్మెన్స్, అంటే ఉండవలసిన ప్రామాణిక వేగంతో పోలిస్తే నడిచిన వేగం, 104 శాతం కనిపించింది. అది నూరు దాటిందంటే ప్రామాణిక వేగమైనా తక్కువగా పెట్టి ఉండాలి, లేదా లెక్కలో పొరపాటైనా ఉండాలి. సెన్సర్ దగ్గర నిలబడి చూస్తే విషయం తెలిసింది. ముందున్న కేస్ ప్యాకర్ ఆగినప్పుడల్లా సీసాలు వెనక్కి పేరుకుపోయి, ఒక సీసా అంచు సరిగ్గా కాంతి రేఖ మీద నిలిచి, కింద కదులుతున్న కన్వేయర్ వల్ల సన్నగా వణుకుతోంది. ఆ వణుకు ప్రతిసారీ ఒక కొత్త సీసాగా లెక్కలోకి వెళుతోంది. సెన్సర్‌ను పేరుకోని చోటికి జరిపి, ఒక సీసాకు మరో సీసాకు మధ్య ఉండవలసిన కనీస వ్యవధిని సెట్టింగుల్లో పెట్టాక సమస్య పోయింది. లెక్కలు తేలనిచ్చే వరకు మొదటి నెల రిపోర్టును ఎవరికీ పంపవద్దని నా సలహా.

ఈ సిస్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది చిన్న చిన్న ఆగుళ్లను పట్టుకోవడం. క్యాపింగ్ యంత్రంలో మూతలు జారి వచ్చే చూట్ ఉంటుంది. అప్పుడప్పుడు ఒక మూత తిరగబడి ఇరుక్కుంటుంది. ఆపరేటర్ సన్నటి పుల్లతో దాన్ని తోసి, స్టార్ట్ బటన్ నొక్కుతారు. మొత్తం ఇరవై సెకన్ల పని. ఇది బ్రేక్‌డౌన్ అని ఎవరూ అనుకోరు, లాగ్‌బుక్‌లో రాయరు, మెయింటెనెన్స్‌కు చెప్పరు. సిస్టం మాత్రం ఒకే షిఫ్ట్‌లో ఇలాంటివి 47 చూపించింది, కలిపితే 19 నిమిషాలు. ఏళ్ల తరబడి ఆ లైను మీద పనిచేసిన ఆపరేటర్ కూడా ఆ అంకె చూసి ఆశ్చర్యపోయారు, ఎందుకంటే ఆయన చెయ్యి ఆ పనికి అలవాటు పడిపోయింది. చూట్ విప్పి చూస్తే గైడ్ పట్టీ ఒక వైపు అరిగి, మూత పక్కకు ఒరగడానికి చాలినంత సందు ఏర్పడింది. పట్టీ మార్చాక ఆగుళ్లు షిఫ్ట్‌కు ఐదారుకు తగ్గాయి. ఈ ఒక్క అనుభవంతోనే సిస్టం మీద నాకు గౌరవం కలిగింది.

ఆగినప్పుడు కారణం నమోదు చేసే తెర విషయంలో మాత్రం అంత మంచి మాట చెప్పలేను. మొదట ఇచ్చిన జాబితాలో 38 కారణాలు ఉన్నాయి. చేతికి గ్లవ్స్‌తో, కింద కారిన ద్రవం తుడుస్తూ, రాత్రి షిఫ్ట్‌లో 38 కారణాల్లోంచి ఒకటి వెతకమంటే ఎవరైనా చేతికి అందినది నొక్కుతారు. పైగా రెండు నిమిషాలు ఏమీ నొక్కకపోతే సిస్టం తనంతట తానే ‘ఇతరములు’ అని వేసుకుంటుంది. తొలి నెల పరేటో చార్టులో, అంటే కారణాలను పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా చూపే పటంలో, అన్నిటికన్నా పొడవైన గీత ‘ఇతరములు’దే. ఆపరేటర్లతో కూర్చుని జాబితాను 11 కారణాలకు కుదించి, వారు నోటితో వాడే మాటలే పెట్టాం: మూత ఇరుక్కుంది, లేబుల్ రోల్ అయిపోయింది, సీసాలు రావడం లేదు, ఇలా. ఒక్కో కారణాన్ని వెనుక నుంచి టీపీఎంలో (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్, అందరూ కలిసి యంత్రాలను సంరక్షించుకునే పద్ధతి) చెప్పే ఆరు ప్రధాన నష్టాలకు, అంటే బ్రేక్‌డౌన్, సెటప్, చిన్న ఆగుళ్లు, తగ్గిన వేగం, లోపాలు, మొదలుపెట్టేటప్పటి వృథా, వీటికి జతచేసే సౌకర్యం ఉంది. అది చక్కగా పనిచేస్తోంది. తనంతట తానే కారణం నింపే ఏర్పాటును తీసేయమని రెండుసార్లు రాశాం, ఇంతవరకు తీయలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఓఈఈ మూడు భాగాల లబ్ధం: నడవాల్సిన సమయంలో ఎంతసేపు నడిచిందో చెప్పే అవైలబిలిటీ, నడిచినంతసేపు ఉండవలసిన వేగంలో ఎంత వేగంతో నడిచిందో చెప్పే పెర్ఫార్మెన్స్, తయారైనదానిలో మొదటిసారే మంచిగా వచ్చినదెంతో చెప్పే క్వాలిటీ. ఈ కొలమానాన్ని టీపీఎంలో భాగంగా వ్యాప్తిలోకి తెచ్చినవారు జపాన్‌కు చెందిన సెయిచీ నకజిమా. వరుసగా 90, 95, 99 శాతం అని ఆయన సూచించిన మెట్ల నుంచే, అందరూ గోడల మీద రాసుకునే 85 శాతం లక్ష్యం వచ్చింది. లెక్క తేలికే. కష్టమంతా హారంలో ఏమి పెడతామన్న దగ్గరే ఉంది.

మా లైనులో ఒక షిఫ్ట్ తీసుకుంటాను. విరామాలు పోగా నడవాల్సిన సమయం 450 నిమిషాలు. సీసా సైజు మార్చడానికి పట్టిన 30 నిమిషాలతో కలిపి ఆగినది 63 నిమిషాలు, నడిచినది 387. ప్రామాణిక వేగం నిమిషానికి 40 సీసాలు. మొత్తం వచ్చినవి 13,320, వాటిలో మంచివి 13,050. అవైలబిలిటీ 86 శాతం, పెర్ఫార్మెన్స్ 86 శాతం, క్వాలిటీ 98 శాతం, ఓఈఈ 72.5 శాతం. ఇప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి, ఈ సైజుకు నిమిషానికి 36 సీసాలే సాధ్యమని మారిస్తే పెర్ఫార్మెన్స్ 95.6కు, ఓఈఈ 80.6కు ఎగబాకుతుంది. సైజు మార్పిడి ఎలాగూ ముందే తెలిసిన పని కదా అని ఆ 30 నిమిషాలను ప్రణాళికలో ఉన్న విరామం కింద వేస్తే, హారంలోని 450 కాస్తా 420 అయి ఓఈఈ 86.3 శాతం అవుతుంది. 72.5 నుంచి 86.3కు చేరాం, ఒక్క సీసా కూడా అదనంగా నిండలేదు.

మా సిస్టంలో ఈ రెండు మార్పులనూ సూపర్‌వైజర్ స్థాయి లాగిన్ ఉన్న ఎవరైనా చేయవచ్చు. మార్చిన వేగం ఆ రోజు నుంచి కాక వెనకటి రిపోర్టులకూ వర్తిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఎక్కడా నిలవదు. దీన్ని నేను ఈ ఉత్పత్తిలోని అతి పెద్ద లోపంగా భావిస్తున్నాను. ఏ దురుద్దేశమూ లేకుండానే ఇది జరుగుతుంది. మా దగ్గరే ఒకసారి కొత్త సీసా కోసం తగ్గించిన వేగం పొరపాటున పాత సీసాలన్నిటికీ పడి, గత త్రైమాసికం మొత్తం మెరుగైనట్టు కనిపించింది. పాత ప్రింట్లు ఫైల్లో ఉండబట్టి తేడా పట్టుకోగలిగాం. 2014లో వచ్చిన ఐఎస్‌ఓ 22400-2 ప్రమాణంలో ఈ కొలమానాలకు నిర్వచనాలు ఉన్నాయి, కానీ నిర్వచనాన్ని పాటించేలా చేయడం సాఫ్ట్‌వేర్ చేతిలోనూ మన చేతిలోనూ ఉంటుంది. ప్రస్తుతం మేము ప్రతి సీసా సైజుకూ ప్రామాణిక వేగాన్ని కాగితం మీద రాసి, ప్రొడక్షన్, మెయింటెనెన్స్, క్వాలిటీ విభాగాల సంతకాలు తీసుకుని, నెలకోసారి సిస్టంలోని విలువలతో సరిపోల్చుకుంటున్నాం. సైజు మార్పిడిని నష్టంగానే ఉంచాం. అలా కనబడుతూ ఉన్నందువల్లనే దాన్ని తగ్గించే పని మొదలైంది. ముందుగా కావలసిన భాగాలన్నీ ఒక ట్రాలీ మీద సిద్ధం చేసుకోవడంతో 30 నిమిషాలు 21కి వచ్చాయి.

నెలవారీ రిపోర్టులో మరో పొరపాటు ఉంది. షిఫ్ట్‌ల ఓఈఈలన్నీ కలిపి షిఫ్ట్‌ల సంఖ్యతో భాగిస్తుంది. 450 నిమిషాల పూర్తి షిఫ్ట్‌లో 72 శాతం, ఆర్డరు తక్కువై 90 నిమిషాలే నడిపిన షిఫ్ట్‌లో 40 శాతం వచ్చిందనుకుంటే, రిపోర్టు 56 అంటుంది. నడవాల్సిన సమయాన్ని బట్టి లెక్కిస్తే 540 నిమిషాలకు 360, అంటే 66.7 శాతం. మేము ముడి లెక్కలను ఎక్సెల్‌లోకి దించుకుని నెల అంకెను వేరుగా కట్టుకుంటున్నాం. ముడి లెక్కలు నిమిషం నిమిషం చొప్పున దించుకోనిస్తుంది, ఇందుకు మాత్రం తయారీదారును మెచ్చుకోవాలి.

క్వాలిటీ భాగంలో చూసుకోవలసినది ఒకటే. లేబుల్ వంకరగా పడిన సీసాలను సరిచేసి మళ్లీ లైను మీద పెడితే అవి రెండోసారి మంచివిగా లెక్కకెక్కుతాయి. వాటిని కౌంటర్ దాటిన తర్వాతే కలపాలి. నెట్‌వర్క్ పోయినప్పుడు లైను దగ్గరి పెట్టె లెక్కలను దాచుకుని తర్వాత పంపుతుంది, ఇంతవరకు ఏదీ పోలేదు. సహాయం అడిగితే మరుసటి రోజుకు జవాబు వస్తుంది.

ఆటోమేటిక్ లైను ఉండి, చిన్న ఆగుళ్ల వల్ల సమయం ఎక్కడ పోతోందో తెలియని ప్లాంటుకు ఈ సిస్టంను నేను సిఫారసు చేస్తాను. అయితే ఒప్పందానికి ముందే ప్రామాణిక వేగం మార్పులకు తాళం, మార్పుల చిట్టా ఉన్నాయో లేవో చూపించమని అడగండి. మా ఫిల్లింగ్ లైనుకు ఒప్పందాన్ని మరో ఏడాది పొడిగించాం. చేతితో ప్యాకింగ్ చేసే విభాగానికి కూడా పెడదామన్న ప్రతిపాదన వచ్చింది, నేను వద్దన్నాను. అక్కడ వేగం మనిషిది. ఆ తెర మీద కనిపించే పెర్ఫార్మెన్స్ అంకె పరికరం గురించి ఏమీ చెప్పదు, అక్కడ నిలబడి పనిచేసే మనిషి పేరు మీద మాత్రం పడుతుంది.