'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' రికార్డు కొంటున్నారా? నాకు అంటగట్టిన నకిలీ సంగతి వినండి

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఎల్‌పీ (సూదితో వినే పెద్ద పళ్లెం) రికార్డు, సీలు విప్పని దిగుమతి సరుకు, తక్కువ ధరకు అంటూ ఎక్కడైనా కనిపిస్తే డబ్బు పంపే ముందు ఇది చదవండి. పోయిన నెల నేను 2,850 రూపాయలు పోసి కొన్నది నకిలీ. ఆ సంగతి తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ లోపం రికార్డులో లేదు, నా చెవుల్లోనే ఉందనుకున్నాను.

ఈ ఆల్బమ్ నాకు ఆరో తరగతి నుంచీ తెలుసు. మా చిన్న మామయ్య విశాఖపట్నంలో ఉద్యోగం చేసేవారు. స్నేహితుడి ఇంట్లో ఉన్న రికార్డును 90 నిమిషాల క్యాసెట్‌లోకి ఎక్కించి మాకు పంపారు. డబ్బా మీద బాల్‌పెన్నుతో 'చంద్రుడి అవతలి వైపు' అని తెలుగులో రాశారు. ఆల్బమ్ నిడివి సుమారు 43 నిమిషాలు, క్యాసెట్ ఒక వైపు 45 నిమిషాలు కాబట్టి మొత్తం ఒకే వైపు పట్టేసింది. రికార్డును తిరగవేసేటప్పుడు మామయ్య టేపు ఆపి మళ్లీ నొక్కిన 'టక్' అనే చప్పుడు మాత్రం మధ్యలో ఉండిపోయింది. చాలా ఏళ్లు అది కూడా సంగీతంలో భాగమే అనుకున్నాను. గుండె చప్పుడుతో మొదలై, దారిలో గడియారాలు మోగి, చిల్లర గలగలలాడి, మళ్లీ గుండె చప్పుడుతోనే ముగిసే ఆల్బమ్‌లో ఒక 'టక్' ఉంటే పిల్లవాడికి అనుమానం ఎందుకు వస్తుంది?

ఈ మధ్య టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) కొన్నాక మొదట కావాలనిపించిన రికార్డు ఇదే. పేరున్న దుకాణాల్లో చూసిన ధరకన్నా వెయ్యి రూపాయలు తక్కువకు ఒక వెబ్‌సైటులో దొరికింది. 2016 నాటి పునర్ముద్రణ అనీ, బరువు 180 గ్రాములనీ, పోస్టర్లూ స్టిక్కర్లూ లోపలే ఉంటాయనీ రాశారు. ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడారు. "మీలాంటి అభిరుచి ఉన్నవారికే ఇస్తున్నాం సార్" అన్నారు. అప్పుడే అనుమానించాల్సింది. కానీ మనసు అప్పటికే ఆరో తరగతిలో ఉంది.

రికార్డు వచ్చిన రాత్రి పిల్లలను కూర్చోబెట్టి మరీ పెట్టాను. గుండె చప్పుడు పరుపు కింద నుంచి ఎవరో తడుతున్నట్టు వినిపించింది. సరే, ముందుకు పోనిద్దాం అనుకున్నాను. 'టైమ్' పాట మొదట్లో వచ్చే గడియారాలను సౌండ్ ఇంజనీరు అలన్ పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణంలో విడివిడిగా రికార్డు చేశారు. ప్రతి గడియారానికీ తనదైన గొంతు ఉంటుంది. చిన్నప్పుడు మా క్యాసెట్‌లో అవి మోగినప్పుడు అమ్మమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చిన రోజు ఉంది. ఇప్పుడు అవన్నీ కలిసిపోయి, రేకు డబ్బాలో మేకులు పోసి కుదిపినట్టు మోగాయి. మా అమ్మాయి మర్యాదగా ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది.

వయసుతో పాటు చెవి మందగిస్తుంది కదా, చిన్ననాటి వస్తువేదైనా మళ్లీ చూస్తే చిన్నదిగానే కనిపిస్తుంది కదా అని సర్దిచెప్పుకున్నాను. సూది మార్చాను, స్పీకర్లు జరిపాను. నాలుగో రోజు రాత్రి ఒంటరిగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి వైపు చివరి దాకా విన్నాను. ఆ వైపు 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'తో ముగుస్తుంది. మాటలు లేకుండా గాయని క్లేర్ టోరీ గొంతు ఎత్తి పాడిన పాట అది. ఆమె గొంతు మెల్లగా సద్దుమణిగింది. ఆ వెంటనే, రెప్పపాటు కాలం, చిల్లర గలగల. అంతలోనే తెగిపోయింది.

వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. నిజమే, చిల్లరే. అది 'మనీ' పాట ఆరంభం. ఎల్‌పీలో ఆ పాట రెండో వైపు మొదలవుతుంది. మొదటి వైపు చివర దాని ముక్క వినిపించే వీలే లేదు. సీడీలోనైతే రెండూ వెంటవెంటనే వస్తాయి. అంటే ఎవరో సీడీనో కంప్యూటర్ ఫైలునో పెట్టి అచ్చు తీశారు, కోయాల్సిన చోటుకు కాస్త అవతల కోశారు. మా మామయ్య వేలు ఇంతకన్నా నయం. సరిగ్గా పాట అయ్యాకే నొక్కింది.

లైటు వేసి అప్పుడు చూశాను, మొదటి రోజే చూడాల్సినవన్నీ. పాటలు అయిపోయాక, మధ్యలో ఉండే గుండ్రటి కాగితం లేబుల్‌కు ముందు కొంత నున్నటి భాగం మిగులుతుంది. అసలు రికార్డులో అక్కడ సంఖ్యలూ అక్షరాలూ చెక్కి ఉంటాయి. నా దాంట్లో అద్దంలా ఖాళీ. వంటింటి తూకంలో పెడితే 122 గ్రాములు. తేలికగా ఉన్నంత మాత్రాన రికార్డు నకిలీ కాదు, పాతవి చాలావరకు అంతే ఉంటాయి. కానీ వీళ్లు 180 అన్నారు. మధ్య రంధ్రం పక్కకు జరిగి ఉంది. రికార్డు తిరుగుతుంటే సూది ఉన్న చేయి ఎడమకూ కుడికీ ఊగుతోంది. నిమిషానికి 33⅓ చుట్లు అంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. అంత సేపటికోసారి, బృందంలో కీబోర్డు వాయించే రిక్ రైట్ పియానో శ్రుతి జారి మళ్లీ ఎక్కుతోంది. దాన్ని నేను నా చెవి వణుకు అనుకున్నాను!

అట్ట సంగతి మరీ ఘోరం. ఈ ఆల్బమ్ అట్ట పుస్తకంలా తెరుచుకోవాలి. లోపల పాటల సాహిత్యం, రంగుల గీతల్లో గుండె కొట్టుకునే రేఖ ఉండాలి. నాకు వచ్చింది మామూలు సంచి. అట్ట మీది బొమ్మలో పట్టకం (గాజు త్రిభుజం) మీద పడే తెల్లటి గీత భూతద్దంతో చూస్తే చుక్కలుగా విడిపోయింది. అచ్చయిన అట్టను స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే ఇలాగే వస్తుంది. పోస్టర్లు లేవు, స్టిక్కర్లు లేవు.

నన్ను నవ్వించింది మాత్రం పాటల జాబితా. 1973లో ఆ ఒక్క పాట పాడినందుకు క్లేర్ టోరీకి ఇచ్చింది 30 పౌండ్లు. తర్వాత పాట కూర్పులో తనకూ వాటా ఉందంటూ ఆమె కోర్టుకు వెళ్లారు, 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి వెలువడిన ముద్రణలన్నింటిలో ఆ పాట దగ్గర కూర్చినవారిగా రైట్ పేరుతో పాటు ఆమె పేరూ ఉంటుంది. 2016 నాటిదని అమ్మిన నా రికార్డులో రైట్ ఒక్కరే ఉన్నారు. పాత అట్టను కాపీ కొట్టినవాడికి కోర్టు రాజీలతో పనేముంది!

అదే సైటులో ఇదే ఆల్బమ్ '1973 తొలి ముద్రణ, సీలు విప్పలేదు' అంటూ ఇంకా ఎక్కువ ధరకు ఉంది. ఫొటోలో వెనక అట్ట మీద బార్‌కోడ్ కనిపిస్తోంది. దుకాణంలో బార్‌కోడ్‌ను తొలిసారి స్కాన్ చేసిందే 1974 జూన్‌లో, అమెరికాలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద. బ్రిటన్ తొలి ముద్రణ కావాలనుకునేవారు లేబుల్ మీద నిండుగా నీలం పూసిన త్రిభుజం ఉందో లేదో చూడండి. నున్నటి భాగంలో ఎస్‌హెచ్‌వీఎల్ 804 అనే కేటలాగు సంఖ్య పక్కన ఒక వైపు ఎ-2, రెండో వైపు బి-2 ఉండాలి. అమ్మేవాడు ఆ భాగం దగ్గరి ఫొటో పంపనంటే ఫోన్ పెట్టేయండి. నేను అడగలేదు.

డబ్బు విషయం. మొదట "విప్పిన రికార్డు వెనక్కి తీసుకోం" అన్నారు. విప్పకుండా వినే విద్య నాకు రాదు అన్నాను. తర్వాత వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 గురించి రాసి పంపాను. వాటి ప్రకారం సరుకు నకిలీదైనా, లోపమున్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోవడానికీ డబ్బు ఇవ్వడానికీ అమ్మకందారు నిరాకరించకూడదు. 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. పార్సిల్ విప్పుతూ వీడియో తీయలేదు, అది నా పొరపాటు. తూకం మీద రికార్డు ఫొటో, ఊగుతున్న సూది వీడియో, చిల్లర మోగిన ఆ ముక్క రికార్డింగు పంపాను. పంతొమ్మిదో రోజున డెలివరీ ఖర్చు 180 రూపాయలు మినహాయించి మిగతాది ఖాతాలో వేశారు. ఆ 180 కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

క్యాసెట్ మా అమ్మ అల్మారాలో దొరికింది. టేపు కాస్త అరిగింది, అయినా గడియారాలు వేటికవే మోగాయి. 'టక్' కూడా ఉంది.

ఆ సైటు ఇప్పుడు వేరే పేరుతో నడుస్తోంది. ఫొటోలు మాత్రం మార్చలేదు. నీలి పూల టేబుల్ గుడ్డ మీద రికార్డు, ఎడమ మూలలో సగం కనిపించే స్టీలు గ్లాసు. అవి కనిపిస్తే వాళ్లే.