చేతిలో పట్టే ఫైటింగ్ గేమ్‌లు: గ్రాఫిక్స్ కన్నా ముందు బటన్ల లెక్క చూడండి

హ్యాండ్‌హెల్డ్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్) కొనేవాళ్లు నన్ను మొదట అడిగేది గ్రాఫిక్స్ గురించే. ఫైటింగ్ గేమ్‌ల కోసం కొంటున్నారంటే నేను ఎదురు అడిగేది వేరు: ఆ గేమ్‌కు ఎన్ని బటన్లు కావాలి, మీ మెషిన్ మీద బొటనవేలికి అందేవి ఎన్ని? సోనీ పీఎస్‌పీ నుంచి వాల్వ్ స్టీమ్ డెక్ దాకా రకరకాల మెషిన్ల మీద మెట్రోలో, మేడ మీద, ఆఫీసు లంచ్ టైంలో ఏళ్ల తరబడి ఆడాను. ఏ గేమ్ నా బ్యాగులో ఉండిపోయింది, ఏది అల్మారాలోకి పోయింది అన్నది దాదాపు ప్రతిసారీ ఈ లెక్కే తేల్చింది.

అందుకే నా మొదటి స్థానం ఇప్పటికీ 2006లో పీఎస్‌పీ మీద వచ్చిన టెక్కెన్: డార్క్ రిసరెక్షన్‌దే. టెక్కెన్‌లో ఎడమ చేతికి ఒక బటన్, కుడి చేతికి ఒకటి, ఒక్కో కాలికి ఒక్కోటి. పీఎస్‌పీకి కుడివైపు ఉన్నవీ సరిగ్గా నాలుగే. దేన్నీ పై అంచునున్న ఎల్, ఆర్ బటన్ల మీదికి నెట్టే అవసరం రాదు. గంటకింత అని కట్టి గల్లీలోని వీడియో గేమ్ షాపులో టెక్కెన్ 3 ఆడిన హైదరాబాద్ పిల్లలు ఎందరో. ఆ వేళ్లకు పట్టుబడిన వరస ఇక్కడ చెక్కుచెదరకుండా పనిచేస్తుంది. పీఎస్‌పీ తెర 4.3 అంగుళాలు, 480×272 పిక్సెళ్లు. ఇవాళ్టి ఫోన్ పక్కన పెడితే చిన్నదే. అయినా గేమ్ సెకనుకు 60 ఫ్రేమ్‌ల వేగంతో నడుస్తుంది, ఆ వేగం లేకపోతే ఈ రకం గేమ్ లేనట్టే. కజుయా అనే ఫైటర్ ఎలక్ట్రిక్ దెబ్బ పడాలంటే కింద-ముందు దిశ, కుడి చేతి బటన్ రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడాలి. ఒక ఫ్రేమ్ అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ దెబ్బను చిన్న తెర మీద, కదిలే రైల్లో వేయగలుగుతున్నానంటే ఆ గేమ్ చేసినవాళ్ల పనితనానికి నిజంగా దండం పెట్టాలి. లిలీ, డ్రాగునోవ్ అనే ఫైటర్లు ఈ డార్క్ రిసరెక్షన్‌తోనే టెక్కెన్‌లోకి వచ్చారు. బౌలింగ్ ఆట కూడా ఉంది, మా ఇంట్లో అది ఆడేవాళ్లే ఎక్కువ.

మెట్రోకు ఇంతకన్నా సరిపోయే గేమ్ నాకు దొరకలేదు. రౌండుకు 60 సెకన్లు, మూడు రౌండ్లు గెలిస్తే మ్యాచ్ మనది. మియాపూర్ నుంచి అమీర్‌పేట వచ్చేలోపు కథ ఎక్కడ ఆపామో, ఎక్కడ సేవ్ చేశామో అన్న బాధ లేకుండా మ్యాచ్ మీద మ్యాచ్ ఆడుకోవచ్చు. మా బామ్మర్ది కూడా తన పీఎస్‌పీ తెచ్చుకుంటే ఇంకా మజా. యాడ్‌హాక్‌లో నెట్ అక్కర్లేదు, రెండు మెషిన్లూ నేరుగా కలుస్తాయి. "బావా, స్టేషన్ ఇంకా రాలేదు, ఇంకొక్కటి" అంటాడు. అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్ ఎక్కాక కూడా అదే మాట. ఎదురు మనిషి పక్కనే కూర్చుని ఆడితే వచ్చే ఊపు ఆన్‌లైన్‌లో నాకు ఎప్పుడూ రాలేదు.

పీఎస్‌పీకి ఒక గట్టి లోపం ఉంది. దాని దిశల బటన్లు (డి-ప్యాడ్) నాలుగు విడి బాణాల్లా ఉంటాయి, మూలలు, అంటే కింద-ముందు లాంటి ఏటవాలు దిశలు, సరిగ్గా పడవు. టెక్కెన్ దాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది, స్ట్రీట్ ఫైటర్ ఓర్చుకోదు. చేతుల్లోంచి శక్తి బంతి విసిరే హడోకెన్‌కు కింద, కింద-ముందు, ముందు అని బొటనవేలు ఒక్క ఊపులో జారాలి. మధ్యలో మూల తప్పిందంటే మామూలు గుద్దే వస్తుంది. స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా 3 మ్యాక్స్‌లో మాకీ, యున్, ఈగల్, ఇంగ్రిడ్ లాంటి ఫైటర్లు అందరూ ఉన్నారు, అంత నిండైన గేమ్ అది. కానీ ఆరు బటన్ల గేమ్. గట్టి దెబ్బలు ఎల్, ఆర్ మీదికి పోతాయి, మెషిన్‌ను పట్టుకున్న వేళ్లతోనే గుద్దాలి. అరగంటకు చూపుడు వేళ్లు లాగేస్తాయి. అదే మెషిన్ మీద 2009 నాటి సోల్‌కాలిబర్: బ్రోకెన్ డెస్టినీ హాయిగా ఉంటుంది. అడ్డం వేటు, నిలువు వేటు, తన్ను, దెబ్బ కాచుకోవడం. మళ్లీ నాలుగే.

బటన్లు తక్కువ ఉన్నా తెలివిగా సర్దితే ఎలా ఉంటుందో చూడాలంటే 1999లో నియో జియో పాకెట్ కలర్ అనే హ్యాండ్‌హెల్డ్‌కు ఎస్‌ఎన్‌కే కంపెనీ చేసిన ఎస్‌ఎన్‌కే వర్సెస్ క్యాప్‌కామ్: మ్యాచ్ ఆఫ్ ది మిలీనియం ఆడండి. ఉన్నవి రెండే బటన్లు. తట్టి వదిలితే చిన్న దెబ్బ, కాస్త పట్టి ఉంచితే పెద్ద దెబ్బ. 2021 నుంచి నింటెండో స్విచ్‌లో కూడా దొరుకుతోంది. బొద్దు బొమ్మలు చూసి చిన్నపిల్లల గేమ్ అనుకోకండి, లోపల చాలా లోతుంది.

నింటెండో 3డీఎస్ మీద 2011లో వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 4 ఇంకో దారి పట్టింది. కింది తెర మీద వేలు పెడితే స్పెషల్ మూవ్ వచ్చేస్తుంది. వెనక్కి పట్టి ఆగి విసరాల్సిన, గైల్ అనే ఫైటర్ సోనిక్ బూమ్ దెబ్బ కూడా ఆగకుండా వస్తుంది. కొత్తవాళ్లకు సుఖమే. నాకు మాత్రం నచ్చలేదు. ఆ ఆగడంలోనే గైల్ ఆట ఉంది.

డి-ప్యాడ్ విషయంలో సోనీ పీఎస్ వీటాదే అగ్రస్థానం. చిన్నదిగా, గట్టిగా, మూలలు కచ్చితంగా పడేలా ఉంటుంది. మొదటి మోడల్‌కు 5 అంగుళాల ఓఎల్ఈడీ తెర. అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3కి కావాల్సినవి మూడు దాడి బటన్లు, ఒక స్పెషల్, ఇద్దరు తోడుగాళ్లను పిలవడానికి రెండు. నాలుగు ముందువైపు, రెండు పై అంచున ఎల్, ఆర్ మీద, కొలిచి కుట్టిన చొక్కాలా కూర్చుంటుంది. దాడి బటన్లు నొక్కినంత తరచుగా తోడుగాళ్లను పిలవక్కర్లేదు కాబట్టి చూపుడు వేళ్లు అంతగా అలసిపోవు. చిక్కల్లా వీటా మెమరీ కార్డులతోనే. మామూలు ఎస్‌డీ కార్డు పట్టదు.

స్విచ్‌కు పక్కన తగిలించే విడి కంట్రోలర్లను జాయ్‌కాన్లు అంటారు. ఎడమ జాయ్‌కాన్‌కు అసలు డి-ప్యాడ్ లేదు, నాలుగు గుండ్రటి బటన్లు ఉంటాయి. వాటితో హడోకెన్ వేయాలంటే విసుగొస్తుంది. ఫైటింగ్ గేమ్‌లకే అయితే నిజమైన డి-ప్యాడ్ ఉన్న స్విచ్ లైట్ తీసుకోండి. స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ మాత్రం స్టిక్‌తో ఆడేది కాబట్టి మామూలు స్విచ్ మీద బాగుంటుంది. జాయ్‌కాన్లు విడదీసి తలా ఒకటి పంచుకుంటే ఇంటికి చుట్టాలొచ్చిన రోజు పండగే.

స్టీమ్ డెక్‌లో బటన్ల కరువు లేదు. స్ట్రీట్ ఫైటర్ 6 సెట్టింగులు తగ్గిస్తే చక్కగా నడుస్తుంది. మోడర్న్ కంట్రోల్స్‌లో ఒక్క బటన్‌తో స్పెషల్ వస్తుంది, బదులుగా దాని దెబ్బ 20 శాతం తగ్గుతుంది. 3డీఎస్ పద్ధతి కన్నా ఇది న్యాయమైన బేరం. కాకపోతే మొదటి మోడల్ బరువు 669 గ్రాములు. మెట్రోలో నిలబడి ఆడే వస్తువు కాదు, ఇంట్లో దిండు ఆనించుకుని ఆడేది.

పాత పీఎస్‌పీ కోసం సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర ఎలక్ట్రానిక్స్ మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)కి వెళ్తే బేరానికి ముందు మూడు పనులు చేయండి. వెనక మూత తీసి బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. గేమ్ డిస్క్ వేసి మ్యాచ్ లోడయ్యే దాకా ఆగండి, గరగరమంటే వద్దనండి. ఆఖరున ప్రాక్టీస్‌లోకి వెళ్లి కింద-వెనక మూలను నొక్కి పట్టండి. మీ ఆటగాడు కూర్చునే ఉండాలి. మధ్యలో లేచి నిలబడ్డాడంటే ఆ డి-ప్యాడ్ అరిగిపోయింది, ఎంత తగ్గించి ఇస్తామన్నా ఇంకోటి చూపించమనండి.