నిద్రలో తన్నే నాన్న: సెల్‌ఫోన్ వీడియో చాలా, వైజాగ్ వెళ్లాలా?

జీడితోటలోకి ఎలుగుబంటి దిగిందని మా నాన్న కర్ర తిప్పాడు. తోటలో కాదు, మంచం మీద. తెల్లవారుజామున నాలుగింటికి. కర్ర అనుకున్నది ఆయన చెయ్యే, తగిలింది అమ్మ చెంపకి. మా ఉద్దానంలో ఎలుగుబంట్లు తిరగడం మామూలే కాబట్టి కల వింతేమీ కాదు. ఆర్నెల్లలో ఇది నాలుగోసారి కావడమే భయపెట్టింది. "ఏటయిందిరా మీ నాన్నకి, దిష్టి తీయించాలేటి?" అంది అమ్మ ఫోన్లో.

దిష్టికి పోయేదేముంది, తీయించాం. మందుల షాపులో నిద్రబిళ్ల అడుగుదామన్నాడు బావ. అది మాత్రం వద్దన్నాను. గురక మనిషికి డాక్టర్ చూడకుండా నిద్రబిళ్ల వేస్తే ఊపిరి ఆగడం ఇంకా ఎక్కువ కావచ్చు, రాత్రి లేచినప్పుడు తూలి పడొచ్చు. పైగా కిడ్నీ జబ్బులు ఎక్కువైన మా వైపు మాత్ర అంటేనే ముందు కిడ్నీ గుర్తొస్తుంది.

ఇక మిగిలినవి రెండు దారులు. ఫోన్లో వీడియో తీసి న్యూరాలజిస్టుకి చూపించడం, లేదా పలాస నుంచి దాదాపు 200 కిలోమీటర్లు వెళ్లి వైజాగ్‌లో ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయించడం.

వీడియోకి ఖర్చు లేదు. అయినా చాలానే చెబుతుంది. నిద్రలో నడిచే అలవాటున్నవాళ్లు ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో లేస్తారు. కళ్లు తెరిచే ఉంటాయి, పిలిస్తే అయోమయంగా చూస్తారు, పొద్దున అడిగితే ఏమీ గుర్తుండదు. నాన్నది ఇందుకు పూర్తిగా ఎదురు. తెల్లవారగట్ల, కళ్లు మూసుకునే. తట్టి లేపగానే తెలివిలోకి వచ్చి ఎలుగుబంటి ఎటు పారిపోయిందో కూడా చెప్పాడు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో మెదడు కండరాలను వదులు చేసి ఒంటిని కదలకుండా ఉంచుతుంది. ఆ అదుపు తప్పితే కలలో కొట్టిన దెబ్బ పక్కనున్నవాళ్లకి తగులుతుంది. 1986లో అమెరికాలోని మినెసోటాలో షెంక్, మహోవాల్డ్ అనే డాక్టర్లు దీన్ని విడిగా ఒక జబ్బుగా వివరించారు.

వీడియోకి అందనిది ఒకటుంది. గురకతో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లు కూడా అచ్చం ఇలాగే కాళ్లూ చేతులూ విసురుతారు. వాళ్లకి మాస్కు మిషన్ పెడితే సర్దుకుంటుంది. కొన్ని డిప్రెషన్ మాత్రల వల్లా ఇలా అవుతుంది. తేల్చాలంటే తలకీ గడ్డానికీ కాళ్లకీ వైర్లు పెట్టి రాత్రంతా చూడాల్సిందే. గడ్డం కండరం రెమ్ నిద్రలో వదులవుతోందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఇంటర్నెట్‌లో చూసి గుండె జారిన అంకె కూడా ఆ పరీక్షకి ముడిపడినదే. 2019లో వచ్చిన అధ్యయనంలో 24 కేంద్రాల్లో 1280 మందిని గమనించారు. 12 ఏళ్లు గడిచేసరికి 73.5 శాతం మందికి పార్కిన్సన్స్ (చేతులు వణికి, నడక మందగించే మెదడు జబ్బు) గానీ ఆ కోవలోని మతిమరుపు జబ్బు గానీ వస్తుందని లెక్క తేలింది. అయితే వాళ్లంతా నిద్ర పరీక్షలో ఈ తన్నుల జబ్బు ఖాయమైనవాళ్లు. కలలో ఒకసారి తన్నిన ప్రతివాళ్లకీ ఆ లెక్క కట్టకూడదు.

ఖాయమైతే మాత్రం ఏం చేస్తాం, పార్కిన్సన్స్ రాకుండా ఆపే మందు లేదు కదా అన్నాడు బావ. అవును, ఇప్పటికి లేదు. కానీ డాక్టర్ చూసి ఇచ్చే మందుతో తన్నులు తగ్గుతాయి, అమ్మ చెంప దక్కుతుంది. రోజూ వ్యాయామం చేయమంటారు. ఏడాదికోసారి నడక, చేతివణుకు చూస్తారు.

నన్ను వైజాగ్ వైపు మొగ్గించింది వంటింటి సంగతి. మొన్న అమ్మ ఎండు నెత్తళ్లు వేయిస్తుంటే ఆ వాసనకి పక్కింటివాళ్లు కూడా తొంగి చూశారు. పొయ్యి పక్కనే కూర్చున్న నాన్న "ఇయ్యాళ కూరేటి?" అని అడిగాడు. జలుబు లేదు. వాసన తగ్గడం, మలబద్ధకం కూడా పార్కిన్సన్స్‌కి ఏళ్ల ముందే కనిపించగలవు. వాసన పోవడానికి వేరే కారణాలూ ఉంటాయనుకోండి. కానీ తన్నులూ ఇదీ కలిశాక వీడియోతో సరిపెట్టుకోవడం నాకు నచ్చలేదు. తన్నులొక్కటే ఉండుంటే ముందు వీడియో, తర్వాత డాక్టర్ చెప్పినట్టు అనేవాణ్ణి.

శాతాల సంగతి నాన్నకి చెప్పలేదు. అడిగితే దాచను. ప్రస్తుతానికి పరుపు నేల మీదకి దించాం, బల్ల దూరంగా జరిపాం, అమ్మ పక్కగదిలో పడుకుంటోంది. పరీక్ష గురించి చెబితే నాన్న అడిగింది ఒక్కటే: "ఆ రేతిరి ఎలుగుబంటి రాకపోతే మళ్లీ ఎల్లాలేటిరా?"