అడ్రస్ బార్‌లో వద్దన్నా వచ్చే చిరునామాలు: ఒక్కటి తీసేయడం మేలా, హిస్టరీ మొత్తం తుడిచేయడం మేలా?

ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే పోర్టల్ 2021 జూన్ 7న కొత్త చిరునామాకు మారింది. అంతకు ముందు దాని పేరు ‘ఇన్‌కమ్‌ట్యాక్స్‌ఇండియాఈఫైలింగ్’ అని చాంతాడంత ఉండేది. ఉద్యోగ విరమణ చేసిన మా పెదనాన్నగారి కంప్యూటర్‌లో మాత్రం, అడ్రస్ బార్‌లో ‘ఇన్‌కమ్’ అని కొట్టీ కొట్టగానే, నిరుడు జులైలో కూడా ఆ పాత పేరే వచ్చి కూర్చునేది. ఎవరో చెప్పారని ఆయన బ్రౌజర్ హిస్టరీ మొత్తం తుడిచేసి, నాకు ఫోన్ చేసి, “అన్నీ పోయాయిరా, ఇదొక్కటే పోలేదు” అన్నారు. వెళ్లి చూస్తే ఆ వరుస పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. అంటే అది హిస్టరీలోంచి వస్తున్నది కాదు, ఏనాడో ఆయనే దాచుకున్న బుక్‌మార్క్.

అందుచేత ఏ పద్ధతి మేలు అని అడిగే ముందు, ఆ సూచన ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. మనం రెండు మూడు అక్షరాలు టైపు చేయగానే బ్రౌజర్ మన హిస్టరీని, బుక్‌మార్కులను, తెరిచి ఉన్న ట్యాబులను వెతుకుతుంది. దానితోపాటు సెర్చ్ ఇంజిన్ పంపే సూచనలనూ తెచ్చి కింద పేరుస్తుంది. నక్షత్రం ఉంటే బుక్‌మార్క్, భూతద్దం ఉంటే సెర్చ్‌కు సంబంధించినది. బుక్‌మార్క్‌ను బుక్‌మార్కుల జాబితాలోకి వెళ్లి తీసేయడమే సరైన మార్గం. హిస్టరీని ఎన్నిసార్లు కడిగినా అది చెక్కుచెదరదు.

హిస్టరీ నుంచి వచ్చే వరుసకైతే అన్నింటికంటే తేలికైన ఉపాయం, దాన్ని ఉన్నచోటే తీసేయడం. కంప్యూటర్‌లో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ పద్ధతి దాదాపు ఒకటే: అక్షరాలు టైపు చేసి, కింది బాణం మీటతో అక్కర్లేని వరుస మీదికి వెళ్లి, షిఫ్ట్ మీటను అదిమిపట్టి డిలీట్ నొక్కాలి. మ్యాక్‌లో క్రోమ్ వాడేవారు వీటికి ఎఫ్ఎన్ మీటను కూడా జతచేయాలి. క్రోమ్‌లో మౌస్‌ను ఆ వరుస మీద ఉంచితే కుడి చివర కనిపించే ఇంటూ గుర్తును నొక్కినా సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ అయితే సూచన మీద వేలు కాసేపు నొక్కి ఉంచాలి; హిస్టరీ నుంచి తీసేయమంటారా అని అదే అడుగుతుంది. చాలామంది పొరబడేది ఒక్కచోట: షిఫ్ట్ లేకుండా డిలీట్ నొక్కితే, బ్రౌజర్ తనంతట తాను పూరించిన అక్షరాలు చెరిగిపోతాయి గానీ ఆ చిరునామా జ్ఞాపకంలో అలాగే ఉంటుంది, మళ్లీసారి మళ్లీ వస్తుంది.

తప్పుగా టైపు చేసిన చిరునామాల విషయంలో ఈ పద్ధతికి సాటి లేదు. బ్యాంకు పేరులో ఒక అక్షరం జారిపోయి, ప్రకటనలతో నిండిన ఏదో పేజీ తెరుచుకుందనుకుందాం. మనం వెంటనే మూసేసినా అది హిస్టరీలో చేరుతుంది, రేపు అదే పొరపాటును బ్రౌజర్ మనకు సలహాగా చూపిస్తుంది. ఎక్కువసార్లు, ఇటీవలి కాలంలో చూసిన చిరునామాలు పైకి రావడం ఈ జాబితాల ధర్మం. 2008 జూన్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3 కాలం నుంచి ఈ లెక్కకు ‘ఫ్రీసెన్సీ’ అని ఒక పేరు కూడా ఉంది. తరచుదనాన్నీ (ఫ్రీక్వెన్సీ) తాజాదనాన్నీ (రీసెన్సీ) కలిపి కట్టిన మాట అది. ఆ వరుసను చూసుకోకుండా ఎంటర్ కొట్టిన ప్రతిసారీ మనమే దానికి బలం పోస్తున్నాం. క్రోమ్ హిస్టరీ 90 రోజుల వరకే ఉంటుంది కనుక ముట్టుకోకుండా ఉంటే అదే పోతుందని ఊరుకోవడం కూడా ఒక మార్గమే గానీ, ఆ మూడు నెలల్లో ఒక్కసారి చేయి జారినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. బ్యాంకును పోలిన చిరునామా విషయంలో ఆ ఓపిక మంచిది కాదు.

ఈ పద్ధతికి ఉన్న లోటు ఏమిటంటే, ఒక్కసారికి ఒక్క పేజీ చిరునామాయే పోతుంది. ఒకే సైటులో నలభై పేజీలు చూసి ఉంటే ఒకటి తీయగానే దాని తమ్ముడు పైకి వస్తాడు. అప్పుడు హిస్టరీ పేజీ తెరిచి, ఆ సైటు పేరు వెతికి, వచ్చినవన్నీ ఎంచుకుని ఒకేసారి తీసేయడం నయం. ఫైర్‌ఫాక్స్ హిస్టరీ లైబ్రరీలో ‘ఈ సైటును మరచిపో’ అనే అర్థంవచ్చే ఆదేశమే ఉంది. అయితే అది ఆ సైటు కుకీలను (మన లాగిన్‌ను గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లను), కాష్‌ను (బ్రౌజర్ దాచి ఉంచిన పేజీల నకళ్లను) కూడా తుడిచేస్తుంది కనుక, రోజూ లాగిన్ అయ్యే సైటు మీద ప్రయోగించకూడదు. సఫారీ వాడేవారు కూడా హిస్టరీ జాబితాలో వెతికి తీసేయవలసిందే.

ఇక హిస్టరీ మొత్తం తుడిచేయడం. ఎలుకలు ఉన్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. తప్పనిసరైతే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కినప్పుడు వచ్చే పెట్టెలో కాలవ్యవధిని గంటకో, రోజుకో కుదించి, హిస్టరీ ఎదుట మాత్రమే టిక్ ఉంచి, కుకీల టిక్ తీసేయాలి. పెదనాన్నగారు ఆ టిక్ తీయలేదు. బుక్‌మార్క్ తీయడానికి నాకు అర నిమిషం పట్టింది. మెయిల్, బ్యాంకు, పెన్షన్ లాగిన్లు ఆయన డైరీలోంచి ఒక్కొక్కటే వెతికి మళ్లీ తెరిచేసరికి సాయంత్రమైంది. పైగా హిస్టరీని సింక్ చేసుకున్న, అంటే కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ ఒకేలా ఉండేలా కలుపుకున్న ఖాతాలో ఈ తుడుపు ఆ ఒక్క కంప్యూటర్‌తో ఆగదు, ఫోన్‌లోని హిస్టరీ కూడా పోతుంది.

సూచనలే రాకుండా ఆపేయడం మరో మార్గం. ఇందులో ఫైర్‌ఫాక్స్‌ది పైచేయి: సెట్టింగుల్లో అడ్రస్ బార్‌కు సంబంధించిన భాగంలో హిస్టరీ, బుక్‌మార్కులు, తెరిచిన ట్యాబులు, వీటిలో ఏది చూపాలో, ఏది వద్దో టిక్కులతో మనమే నిర్ణయించవచ్చు. హిస్టరీ చెరగకుండానే సూచనలు ఆగుతాయి. క్రోమ్‌లో సెర్చ్ సూచనల స్విచ్‌ను ఆపి, హిస్టరీ సూచనలు ఇంకా వస్తున్నాయేమిటని విసుక్కునేవారిని చాలామందిని చూశాను. మనం టైపు చేస్తున్న అక్షరాలు సెర్చ్ ఇంజిన్‌కు వెళ్లకుండా చూడడమే ఆ స్విచ్ పని. కంప్యూటర్‌లో ఉన్న హిస్టరీని అది ముట్టుకోదు.

సొంత కంప్యూటర్‌కైతే నా ఓటు మొదటి పద్ధతికే. నలుగురూ వాడే కంప్యూటర్ సంగతి వేరు: ఒకరు చూసిన చిరునామా మరొకరి ముందు ప్రత్యక్షం కావడమే అక్కడి ఇబ్బంది. దానికి ఇన్‌కాగ్నిటో విండో చాలదు. అది కొత్తవాటిని హిస్టరీలో చేర్చదు గానీ, అదివరకే ఉన్న హిస్టరీలోంచి సూచనలు చూపిస్తూనే ఉంటుంది. ఇంట్లోవారికి తలా ఒక ప్రొఫైల్ (ఎవరి హిస్టరీ, బుక్‌మార్కులు వారికే విడిగా ఉండే ఏర్పాటు) పెట్టి, వచ్చిపోయేవారికి గెస్ట్ విండో తెరిచి ఇస్తే, యజమాని హిస్టరీ వారికి కనిపించదు, వారు చూసినవి విండో మూయగానే పోతాయి.