విజయనగరంలో డీవీడీ రైటర్ కొనబోయేవారికి జాగ్రత్త: కొత్త డబ్బాలో పాత ల్యాప్‌టాప్ డ్రైవ్ పెట్టి అమ్ముతున్నారు

విజయనగరంలో ఎవరైనా ల్యాప్‌టాప్‌కు బయట నుంచి తగిలించే డీవీడీ రైటర్ (ఖాళీ డీవీడీల మీద రాసే పరికరం) కొనే ఆలోచనలో ఉంటే, డబ్బు చేతికిచ్చే ముందు దయచేసి ఇది చదవండి. దుకాణం పేరు రాయడం లేదు. గంటస్తంభం చుట్టుపక్కల కంప్యూటరు సామాను కొనే అలవాటున్నవారికి, ఫోనులోంచి తల ఎత్తకుండానే ధరలు చెప్పే ఆ యజమాని ఎవరో నేను చెప్పనక్కరలేదు.

కథ పెద్దది కాదు. మా నాన్నగారి షష్టిపూర్తి 1998లో జరిగింది. ఆ వీడియో క్యాసెట్టును విశాఖపట్నంలో ఒకరి చేత కంప్యూటరులోకి ఎక్కించుకున్నాను. నాన్నగారు పోయి ఏడాది అయింది కనుక, సంవత్సరీకానికి వచ్చే బంధువులకు తలా ఒక డీవీడీ ఇవ్వాలని, గజపతినగరం దగ్గర మా ఊళ్లో ఉంటున్న మా అమ్మకు పాత టీవీ కింద ఉన్న ప్లేయర్లో పెట్టి చూపించాలని అనుకున్నాను. ఆ ప్లేయరుకు పెన్‌డ్రైవ్ పెట్టుకునే రంధ్రం లేదు, నా ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవే లేదు. అందుకని ఈ వయసులో, జీవితంలో మొట్టమొదటిసారిగా, డీవీడీ రైటర్ కొనడానికి బయలుదేరాను.

ఆ దుకాణం యజమాని 1,850 రూపాయలు చెప్పాడు. నల్లటి డబ్బా, దాని మీద తయారీదారు పేరంటూ ఏదీ లేదు గాని "యూఎస్‌బీ 3.0" అని మాత్రం నీలం రంగులో పెద్ద అక్షరాలున్నాయి. డీవీడీ 8ఎక్స్ వేగంతో, అంటే మూల వేగానికి ఎనిమిది రెట్లతో, రాసినా సెకనుకు సుమారు 11 మెగాబైట్లే అవసరమవుతాయి కనుక, పాత యూఎస్‌బీ 2.0 కూడా దానికి ధారాళంగా సరిపోతుందని, ఆ 3.0 అనేది వట్టి బొట్టూ కాటుకేనని నాకు తరువాత తెలిసింది. పని చేస్తుందో లేదో చూపించమంటే ఒక సినిమా డిస్కు పెట్టి ఆడించాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది. ఒక ఖాళీ డీవీడీ మీద ఏదైనా రైట్ చేసి చూపించమని అడిగితే, "ఖాళీ డిస్కు విప్పితే మళ్లీ ఎవులు కొంటారండీ? చదివితే రాసినట్టే మాస్టారూ" అన్నాడు. నేను తల ఊపాను. బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ అదనమవుతుందని అంటే దానికీ తల ఊపి, దుకాణం పేరైనా లేని ఎస్టిమేట్ చీటీ జేబులో పెట్టుకున్నాను. 333 రూపాయలు మిగిలాయని లోలోపల సంతోషించిన మాట కూడా దాచను. దారిలో వేరే చోట 50 ఖాళీ డీవీడీల కట్ట 900 రూపాయలకు తీసుకుని, దాసన్నపేటలో మా ఇంటికి వచ్చాను.

మొదటి రెండు డిస్కులు పాడవడం నా తప్పే. ఖాళీ డిస్కు పెట్టగానే దీన్ని పెన్‌డ్రైవ్ లాగా వాడతావా, ప్లేయర్లో ఆడేలా రాస్తావా అని విండోస్ అడిగితే, అర్థం కాక మొదటిది నొక్కాను. అలా రాసిన డిస్కును టీవీ ప్లేయరు గుర్తించదు. రెండోసారి వీడియో ఫైలును ఉన్నది ఉన్నట్టుగా డిస్కులో వేశాను. పాత ప్లేయర్లకు ఎంపీ4 ఫైలు తెలియదు, దాన్ని డీవీడీ వీడియోగా మార్చి, వీడియో_టీఎస్ అనే ఫోల్డరుగా అమర్చి రాయాలి. మా మేనల్లుడు ఫోనులో విసుక్కోకుండా చెప్పగా ఇవన్నీ నేర్చుకున్నాను. 4.7 జీబీ అని డిస్కు మీద రాసి ఉంటే కంప్యూటరు 4.37 అని ఎందుకు చూపిస్తుందో, అందులో మోసమేమీ లేదని, అది కేవలం లెక్కించే పద్ధతిలోని తేడా అని కూడా అప్పుడే తెలుసుకున్నాను. మోసం వేరే చోట ఉంది.

మూడో డిస్కు నుంచి అన్నీ సరిగ్గానే చేశాను. ఆ డిస్కు పెట్టిన అర నిమిషానికే "పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్" అని వచ్చి ట్రే బయటకు వచ్చేసింది. రాత మొదలుపెట్టే ముందు డ్రైవ్ డిస్కు లోపలి అంచు దగ్గర ఒక చిన్న పరీక్ష రాత రాసి, లేజరును ఎంత శక్తితో వాడాలో తేల్చుకుంటుంది. నా డ్రైవ్ ఆ పరీక్షలోనే తప్పుతోందన్నమాట. వేగం 8ఎక్స్ నుంచి 4ఎక్స్‌కు, ఆపైన 2ఎక్స్‌కు తగ్గించాను. కరెంటు చాలడం లేదేమోనని రెండు తలల తీగలో రెండో తలను కూడా గుచ్చాను. పక్కింటివారి డెస్క్‌టాప్‌కు తగిలించి చూశాను. మొదటి రెండూ కాక, ఇలా ఏడు డిస్కులు పోయాయి. నాలుగు ఆ ఎర్రరుతోనే ఆగిపోయాయి. రెండు సగంలో ఆగిపోయి, వెనక్కి తిప్పి చూస్తే ఊదారంగు మీద వేలెడు వెడల్పున ముదురు వలయాలు మిగిలాయి. ఒక్కటి మాత్రం 2ఎక్స్ వేగంతో అరగంట సేపు మూలిగి పూర్తయింది గాని, ప్లేయర్లో పెడితే నాన్నగారు పీటల మీద కూర్చునే చోట బొమ్మ గడ్డకట్టిపోయి, ఆపై కదలలేదు. ఇంగ్లీషులో దీన్ని బర్నింగ్ అంటారు కదా; డిస్కు కాలలేదు గాని నా కడుపు మాత్రం కాలింది.

అప్పుడు డబ్బా విప్పాను. అడుగున చిన్న కాగితపు సీలు, దాని కింద రెండు మరలు, అంతే. లోపల ఉన్నది ల్యాప్‌టాప్‌లో బిగించే పలుచని డ్రైవ్. దాని చివర వేలెడంత యూఎస్‌బీ బోర్డు తగిలించి ఉంది. డ్రైవ్ రేకు మీద ఒక ల్యాప్‌టాప్ కంపెనీ విడిభాగం సంఖ్య, పక్కనే తయారైన నెల స్పష్టంగా ముద్రించి ఉన్నాయి: 2010 డిసెంబరు. నేను ఇంకా బడికి వెళ్లి హాజరు పట్టీ తీస్తున్న రోజుల్లో తయారై, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో చాకిరీ చేసి, ఆ ల్యాప్‌టాప్ పాత సామానుకు వెళ్లాక దాని పొట్టలోంచి ఊడదీసిన డ్రైవ్‌కు కొత్త చొక్కా తొడిగి నాకు అంటగట్టారు.

మరునాడు పదిన్నరకు దుకాణానికి వెళ్లాను. డ్రైవునూ, విప్పిన డబ్బానూ, పాడైన డిస్కులనూ, మిగిలిన ఖాళీ డిస్కుల కట్టనూ బల్ల మీద పెట్టాను. అతను డిస్కుల వైపు చూడలేదు, ఎర్రరు ఏమిటని అడగలేదు. డబ్బా తిరగేసి, "సీలు ఎవులు విప్పారండీ?" అన్నాడు.

"నేనే విప్పాను. లోపల 2010 నాటి డ్రైవ్ ఉంది, మీరే చూడండి" అన్నాను.

"అదేటో నాకు తెలీదు మాస్టారూ. సీలు విప్పారంటే వారంటీ పోయినట్టే."

సీలు విప్పకపోతే లోపల ఏముందో నాకు తెలియదు, విప్పితే అడిగే హక్కు పోతుంది. ఇంత ముచ్చటైన న్యాయం నేను ఇంతకు ముందు ఎక్కడా వినలేదు. అదే మాట కొంచెం గొంతు పెంచి అన్నాను. దుకాణంలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, ఒక స్టూడియో అతను ఉన్నారు. వాళ్లంతా ఇటు తిరిగేసరికి యజమాని లేచి, "పోనీ, మీ తృప్తి కోసం చూపిస్తానుండండి" అని డ్రైవును తన కంప్యూటరుకు తగిలించాడు. నా ఖాళీ డీవీడీల కట్ట అతని మోచేతి పక్కనే ఉంది. అతను దాన్ని దాటి, సొరుగు లాగి, అందులో అటూ ఇటూ వెతికి ఒక డిస్కు తీసి పెట్టి, పది పాటలు ఎక్కించాడు. రెండు నిమిషాల్లో ట్రే బయటకు వచ్చింది. మళ్లీ లోపలికి తోసి పాట మోగించి, గొంతు అందరికీ వినబడేలా, "రైట్ అయిందా లేదాండీ? మీకు చెయ్యడం రాక వస్తువు మీద పడిపోతే ఎలాగ?" అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. "అయినా ఈ కాలంలో డీవీడీలు ఎవులు వాడుతున్నారు మాస్టారూ? పెన్‌డ్రైవ్ ఇమ్మంటారా, 32 జీబీది ఉంది" అని కూడా అన్నాడు. నేను ఏమీ అనలేక, ఆ డిస్కును కూడా సంచిలో వేసుకుని బయటకు వచ్చేశాను. నలుగురిలో పనిరాని ముసలివాణ్ణి చేసినందుకు కంటే, ఆ క్షణంలో అతని మాటే నిజమేమోనని నేను కూడా నమ్మినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపంగా ఉంది.

ఇంటికి వచ్చి ఆ డిస్కును చూస్తే దాని మీద 700 ఎంబీ అని ఉంది. అది సీడీ.

ఇది చదువుతున్నవారిలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఇలాంటి డ్రైవ్‌లో సీడీకి ఒక లేజరు, డీవీడీకి ఒక లేజరు ఉంటాయి. సీడీది 780 నానోమీటర్ల పరారుణ కిరణం, డీవీడీది 650 నానోమీటర్ల ఎర్రని కిరణం. ఒకటి నీరసించినా రెండోది నిక్షేపంగా పని చేయవచ్చు. పైగా, డిస్కును చదవడానికి లేజరుకు స్వల్పమైన శక్తి చాలు, రాయాలంటే డిస్కులోని రంగుపొరను మాడ్చాలి కనుక అందుకు ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి కావాలి. కాబట్టి అరిగిపోయిన డ్రైవ్ కూడా సినిమాను ఆడిస్తుంది, సీడీ కూడా రాస్తుంది, డీవీడీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తుంది. మొదటి రోజు సినిమా ఆడించి చూపినప్పుడు అతనికి తెలియదని అనుకుందామన్నా, చేతి పక్కన ఉన్న డీవీడీల కట్టను వదిలేసి సొరుగులోంచి సీడీ వెతికి తీసినవాడికి తెలియదని నేను నమ్మలేను. ఇక నా సంగతంటారా, ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి, తరంగదైర్ఘ్యం మీద లెక్కలు చేయించి, తప్పు చేసినవాళ్ల చెవులు మెలేసినవాణ్ణి. ఆ చెవి ఎవరిదై ఉండాల్సిందో ఇప్పుడు తెలిసింది.

సంవత్సరీకం మొన్న జరిగిపోయింది. వచ్చినవారు భోజనాలు చేసి వట్టి చేతులతో వెళ్లారు. అమ్మకు ల్యాప్‌టాప్‌లోనే చూపించాను గాని, ఆ చిన్న తెర మీద ఆవిడకు మనుషులు ఆనలేదు. "తరవాత టీవీలో పెట్టు నాయనా" అంది.

కొనబోయేవారికి నాకు తోచిన మాటలు ఇవి. మీ సొంత ఖాళీ డీవీడీ ఒకటి వెంట తీసుకెళ్లి, సీడీ మీద కాకుండా దాని మీదనే, నాలుగు జీబీకి తగ్గకుండా రాయించి, రాసిన తరువాత సరిచూసే వెరిఫై ఆప్షన్ పెట్టించి, అది పూర్తయ్యాకనే డబ్బు ఇవ్వండి. 8ఎక్స్‌లో రాతకు పది నిమిషాలు, సరిచూడడానికి ఇంచుమించు అంతే పడుతుంది, అక్కడే స్టూలు వేసుకుని కూర్చోండి. 18 శాతానికి కక్కుర్తి పడకుండా బిల్లు తీసుకోండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అంతే. వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలు అయితే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. నేను ఎస్టిమేట్ చీటీ పట్టుకునే వెళ్తున్నాను, ఏం జరుగుతుందో చూడాలి.

నీలం అక్షరాల ఆ నల్ల డబ్బా ఇప్పటికే కొన్నవారు ఉంటే, అడుగున ఉన్న సీలును విప్పకుండా ముందు ఒక డీవీడీ రాసి చూడండి. రాయకపోతే, విప్పేది దుకాణంలో, యజమాని చేతనే విప్పించండి.